సగంలో ఆగిపోయే పరీక్ష

ఉపాధ్యాయ వృత్తిలోకి వచ్చిన మొదటి రోజునే మా చేతికి హాజరు పట్టీ ఇచ్చారు. దాన్ని సరిగా చదవడం మాత్రం చాలా ఏళ్లకు గాని మాకు రాలేదు. నాలుగు రోజులుగా రాని పిల్లవాడి పేరు ఎదురుగా గుర్తు పెట్టి, 'వీడికి చదువు మీద శ్రద్ధ లేదు' అనుకుంటే మన పని అయిపోతుంది. ఇంటికి వెళ్లి అడిగితే సంగతి వేరుగా ఉంటుంది. తల్లి కూలికి వెళ్తే చెల్లెల్ని చూసుకునేవాళ్లు లేరు. లేదా కాళ్లకు చెప్పులు లేవు. లేదా లెక్కల మాస్టారంటే భయం. కారణం తెలిస్తే దానికి ఉపాయమూ దొరుకుతుంది.

ఈ సంచికకు ఆరోగ్యం మీద ఏదైనా రాయమని సంఘం పెద్దలు అడిగినప్పుడు మాకు ఆ పట్టీయే గుర్తొచ్చింది. పెద్దపేగు క్యాన్సర్‌ను ముందుగా పసిగట్టే పరీక్షలున్నాయి. అవి చేయించుకోనివారు, మొదలుపెట్టి సగంలో ఆపేసేవారు అన్ని దేశాల్లోనూ ఉన్నారు. వాళ్లు ఎందుకు ఆగిపోతున్నారు, వాళ్లను ముందుకు నడిపించినవారు ఏం చేశారు అన్నది చదివి తెలుసుకున్నాం. ఏటా ఆరోగ్య శిబిరాలకు విరాళమిచ్చే మీకు ఇది తెలియడం అవసరమనిపించింది. మేము డాక్టర్లం కాము. ఎవరి ఒంటికి ఏ పరీక్ష కావాలన్నది డాక్టరే చెప్పాలి.

ఒక కాగితం కథ

మాతో కలిసి పనిచేసి రిటైరైన ఒక హెడ్మాస్టారు ఉండేవారు. కుటుంబం ఒప్పుకోబట్టే రాస్తున్నాం, పేరు మాత్రం రాయడం లేదు. కొడుకు బలవంతం మీద ఒకసారి ఒంటికి అన్ని పరీక్షలూ చేయించుకున్నారు. షుగర్ లేదు, గుండె బాగుంది. చివరి పేజీలో మాత్రం, మలంలో కంటికి కనిపించని రక్తం ఉందని ఒక వరుస ఉంది. డాక్టర్‌ను కలవమని కింద ఇంగ్లీషులో చిన్న అక్షరాల్లో రాశారు. ఆ వరుసను వేలుపెట్టి చూపించి, ఇది చూడండి అని చెప్పినవారు ఎవరూ లేరు.

ఆయనకు పాతికేళ్లుగా మొలలున్నాయి. 'ఆ రక్తమేలే' అనుకున్నారు. కాగితం పెన్షన్ ఫైల్లోకి వెళ్లింది. ఏడాది దాటాక బరువు తగ్గి, నీరసం వచ్చి, కడుపునొప్పితో ఆస్పత్రిలో చేరితే పెద్దపేగులో క్యాన్సర్ అని, కాలేయానికి పాకిందని చెప్పారు. ఆయన పోయాక పెన్షన్ కాగితాల కోసం ఫైలు తీసినప్పుడు కొడుకు చేతికి ఆ రిపోర్టు వచ్చింది. దాని మీద తేదీ చూసుకుంటూ ఆ అబ్బాయి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాడు.

హెడ్మాస్టారు చదువుకోనివారు కాదు, డబ్బు లేనివారు కాదు, అశ్రద్ధ అసలే కాదు. పరీక్ష చేయించుకున్నారు కూడా. ఆ తర్వాతి మెట్టు దగ్గర ఆగిపోయారు.

జబ్బు తీరు, పరీక్ష తీరు

2022 లెక్కల ప్రకారం ప్రపంచంలో ఏటా సుమారు 19 లక్షల మందికి పెద్దపేగు, మలాశయ క్యాన్సర్లు కొత్తగా బయటపడుతున్నాయి. క్యాన్సర్ మరణాల్లో ఊపిరితిత్తుల క్యాన్సర్ తర్వాతి స్థానం దీనిదే. మన దేశంలో దీని బెడద పాశ్చాత్య దేశాలంత లేదు. కాని ఇక్కడ వచ్చినవారిలో చాలామంది జబ్బు ముదిరాకే ఆస్పత్రికి చేరుతున్నారు.

ఈ జబ్బులో మనకు కలిసొచ్చే విషయం ఒకటుంది. ఇది ఎక్కువగా పేగు లోపలి గోడ మీద పాలిప్ అనే చిన్న బుడిపెగా మొదలవుతుంది. అన్ని పాలిప్‌లూ చెడ్డవి కావు. చెడిపోయేది కూడా క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా పదేళ్ల వరకు పడుతుంది. ఆలోగా కనిపెట్టి తీసేస్తే ఆ బుడిపె నుంచి క్యాన్సర్ రాదు.

కనిపెట్టడానికి రెండు మెట్లున్నాయి. మొదటిది మల పరీక్ష. పాలిప్ నుంచి, క్యాన్సర్ నుంచి అప్పుడప్పుడు కొద్దిగా రక్తం కారుతుంది, అది కంటికి కనిపించదు. ఫిట్ అనే పరీక్ష ఆ రక్తాన్ని పట్టుకుంటుంది. పుల్లతో కొద్దిపాటి మలం తీసి చిన్న సీసాలో వేసి ఇస్తే చాలు, పథ్యమేమీ అక్కరలేదు. రక్తం ఉందని తేలితే రెండో మెట్టు కొలొనోస్కోపీ. కెమెరా ఉన్న మెత్తని గొట్టంతో పేగంతా చూస్తారు. పాలిప్ కనిపిస్తే చాలావరకు అప్పుడే తీసేస్తారు.

మొదటి మెట్టు జల్లెడ లాంటిది. రక్తం ఉందని తేలినవారిలో ఎక్కువమందికి క్యాన్సర్ ఉండదు. అలాగని ఎవరికి ఉందో, ఎవరికి లేదో రెండో మెట్టు ఎక్కకుండా తెలియదు. మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతే, చేయించుకున్న పరీక్ష వల్ల దక్కేది భయం ఒక్కటే.

ఇటలీలోని వెనెటో ప్రాంతంలో దీన్ని లెక్కగట్టారు. ఫిట్ పరీక్షలో రక్తం ఉందని తేలిన లక్షా పదకొండు వేల మందికి పైగా వివరాలను పరిశీలించి 2022లో ప్రకటించారు. కొలొనోస్కోపీ చేయించుకున్నవారిలో పదేళ్లలో ఈ క్యాన్సర్‌తో చనిపోయినవారు ప్రతి 1000 మందికి సుమారు ఏడుగురు. పిలిచినా రానివారిలో 16 మంది. రెండు వర్గాలకూ మొదటి పరీక్ష జరిగింది, ఇద్దరి చేతికీ ఒకే ఫలితం వచ్చింది. తేడా అంతా ఆ తర్వాత వెళ్లడంలో, వెళ్లకపోవడంలో ఉంది.

అలాగని ఫలితం చూసిన రాత్రే కంగారుపడి పరుగెత్తనక్కరలేదు. అమెరికాలో దాదాపు 70 వేల మంది వివరాలు చూసి 2017లో ప్రకటించిన ఒక అధ్యయనంలో, ఫలితం వచ్చాక పది నెలలు దాటించినవారికి ముప్పు పెరిగినట్టు తేలింది. నిదానంగా ఏర్పాటు చేసుకోవచ్చు, వచ్చే ఏడాది చూద్దామని మాత్రం వదిలేయకూడదు.

రానివారు ఎందుకు రారు?

పిలిచినంత మాత్రాన రారు. పోలండ్, నార్వే, స్వీడన్ దేశాల్లో నేరుగా కొలొనోస్కోపీకి ఆహ్వానం పంపి చేసిన పెద్ద అధ్యయనం ఫలితాలు 2022లో వచ్చాయి. ఆహ్వానం అందినవారిలో వచ్చి చేయించుకున్నవారు నూటికి 42 మంది. అవి చదువుకు, వైద్యానికి లోటు లేని దేశాలు. కాబట్టి మనవాళ్లను మాత్రమే తిట్టుకోవాల్సిన పనిలేదు. కారణాలు మాత్రం తెలుసుకోవాలి.

మొదటి కారణం, నాకేమీ బాధ లేదు కదా అనుకోవడం. బాధ తెలియక ముందే పట్టుకోవడానికే ఈ పరీక్ష ఉందని ఎవరో ఒకరు ఎదురుగా కూర్చుని చెప్పాలి. పోస్టర్ చూసి ఈ మాట మనసుకు పట్టించుకునేవారు తక్కువ.

రెండోది మొలలు. మన ఊళ్లలో బస్టాండు గోడల నిండా మొలలు, లూటీలు ఆపరేషన్ లేకుండా నయం చేస్తామనే రాతలుంటాయి. మలంలో రక్తం కనిపిస్తే మనవాళ్లు ముందు వెళ్లేది అక్కడికే. మొలలు ఉన్నంత మాత్రాన లోపల ఇంకేమీ లేదని చెప్పడానికి వీల్లేదు. రెండూ ఒకే మనిషికి ఉండవచ్చు. మా హెడ్మాస్టారి సంగతి అదే.

మూడోది సిగ్గు, శుభ్రత. మలం ముట్టుకోవాలా, సీసాలో వేసి ఒకరి చేతికివ్వాలా అన్న జంకు అన్ని మతాలవారిలోనూ ఉంది. ఇంగ్లండ్‌లో దేశమంతటా ఈ పరీక్ష మొదలుపెట్టక ముందు 2000 సంవత్సరంలో కోవెంట్రీ, వార్విక్‌షైర్ ప్రాంతాల్లో చేసి చూశారు. అక్కడి దక్షిణాసియా కుటుంబాల నుంచి స్పందన తక్కువగా వచ్చింది, వారిలోనూ ముస్లిం కుటుంబాల నుంచి మరీ తక్కువ. ఆ దేశంలో మన పిల్లలు, బంధువులు ఎంతోమంది స్థిరపడ్డారు. ఈ లెక్కలో మనవాళ్లూ ఉన్నారు.

ఈ జంకుకు జవాబు లేకపోలేదు. నీళ్లలో పడకుండా ఒక పేపర్ ప్లేటు పట్టుకుంటే చాలు, నమూనా తీసేది పుల్లతోనే. చేతికి తొడుగు వేసుకోవచ్చు. తర్వాత ఎప్పటిలాగే శుభ్రం చేసుకుంటే సరిపోతుంది. కొలొనోస్కోపీ అప్పుడు ఒళ్లంతా కప్పే ఉంచుతారు. ఆడవాళ్లు మహిళా డాక్టర్ కావాలని ముందుగానే అడగవచ్చు. అన్నిచోట్లా ఉండకపోవచ్చు, కాని అడగడంలో తప్పులేదు.

నాలుగోది పని కష్టంగా ఉండడం. ఇంగ్లండ్‌లో 2006 నుంచి వాడిన పాత పద్ధతిలో మూడుసార్ల మలం నుంచి రెండేసి నమూనాలు అట్టముక్క మీద పూయాల్సి వచ్చేది. 2014లో కొందరికి పాతది, కొందరికి ఒకే నమూనా చాలే ఫిట్ పరీక్ష పంపి చూశారు. పాతది అందినవారిలో నూటికి 59 మంది, కొత్తది అందినవారిలో 66 మంది చేసి పంపారు. మనుషులు మారలేదు, వాళ్ల భయాలూ మారలేదు. పని సులువైంది, అంతే. 2019లో దేశమంతా కొత్త పరీక్షకు మారింది.

ఐదోది ఫలితమంటే భయం. 'ఉందంటే ఏం చేయాలి? తెలియకుండా ఉండడమే నయం' అంటారు. తఖ్దీర్‌లో ఎలా రాసి ఉంటే అలా జరుగుతుందనీ అంటారు. అలా అనే పెద్దలే వానాకాలం రాకముందు ఇంటి పైకప్పు సరిచేయించుకుంటారు. వాళ్లతో వాదించి లాభం లేదు. ముందుగా దొరికితే నయమయ్యే అవకాశం చాలా ఎక్కువని, బుడిపె దశలో దొరికితే పెద్ద ఆపరేషనే అక్కరలేకపోవచ్చని చెబితే భయం కొంత తగ్గుతుంది.

ఆరోది, బయటికి ఎవరూ చెప్పనిది: ఖర్చు, తోడు. కొలొనోస్కోపీకి ముందురోజు తేలిక ఆహారం తిని, లీటర్ల కొద్దీ మందునీళ్లు తాగి కడుపు ఖాళీ చేసుకోవాలి. రాత్రంతా మరుగుదొడ్డికి తిరగాలి. పరీక్ష జరిగేది సాధారణంగా అరగంట, కాని మత్తు ఇస్తారు కాబట్టి తోడు మనిషి ఉండాలి, ఆ రోజు బండి నడపకూడదు. రోజుకూలీ చేసుకునే ఇంట్లో ఇద్దరికి రెండేసి రోజుల పని పోతుంది. ఒకే మరుగుదొడ్డి నాలుగు కుటుంబాలు వాడే వాడలో ఆ రాత్రి ఎలా గడపాలి? షుగర్ మందులు, రక్తం పలచబరిచే మందులు వాడేవారు ముందుగా డాక్టర్‌కు చెప్పాలని వాళ్లకు ఎవరు గుర్తుచేయాలి? ఆరోగ్యశ్రీ లాంటి పథకాలు 2007 నుంచి క్యాన్సర్ చికిత్సకు ఆసరాగా ఉన్నాయి. కాని జబ్బు ఉందో లేదో తేల్చుకునేదాకా అయ్యే ప్రయాణాలు, పరీక్షల ఖర్చు చాలావరకు ఇంటివాళ్ల మీదే పడుతుంది.

ఒక చిన్న రాష్ట్రం ఏం చేసింది

ఈ కారణాలన్నీ ఒక్కసారిగా పట్టించుకున్న చోటు ఒకటుంది. అమెరికాలో డెలావేర్ అనే చిన్న రాష్ట్రం. అక్కడ 2001లో యాభై ఏళ్లు దాటిన తెల్లవారిలో నూటికి 58 మంది ఈ పరీక్ష చేయించుకుని ఉంటే, నల్లవారిలో 48 మందే చేయించుకున్నారు. ఆ రాష్ట్రం ఇన్సూరెన్స్ లేనివారికి కొలొనోస్కోపీ ఖర్చు పెట్టుకుంది, క్యాన్సర్ తేలితే చికిత్స ఖర్చూ భరించింది. వీటితో పాటు మరో పని చేసింది. ఆస్పత్రుల్లో తోడుగా నడిపించే నర్సులను నియమించింది. వాళ్ల పని ఫోన్ చేయడం, తేదీ ఇప్పించడం, ముందురోజు ఏం తాగాలో వివరించడం, వచ్చేదాకా గుర్తుచేస్తూ ఉండడం.

2009 నాటికి రెండు వర్గాల్లోనూ పరీక్ష చేయించుకున్నవారు నూటికి 74 మంది అయ్యారు. పది పాళ్ల తేడా పూర్తిగా పోయింది. నల్లవారిలో ఈ క్యాన్సర్ మరణాలు 42 శాతం తగ్గాయి. వీళ్లు ఆరోగ్యాన్ని పట్టించుకోరు అని ఎవరి గురించి అనుకున్నారో, వాళ్లే తోడు దొరకగానే వచ్చారు.

మన దగ్గర ఏం చేయవచ్చు?

ముందుగా ఒక మాట స్పష్టంగా చెప్పాలి. మన దేశంలో ప్రభుత్వం ముప్పై ఏళ్లు దాటినవారికి బీపీ, షుగర్‌తో పాటు నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల పరీక్షలు చేయిస్తోంది. పెద్దపేగు క్యాన్సర్ ఆ జాబితాలో లేదు. ఇక్కడ ఈ జబ్బు తక్కువ కాబట్టి, డాక్టర్ల సలహా లేకుండా శిబిరం పెట్టి అందరికీ మల పరీక్ష చేయించమని మేము చెప్పడం లేదు. కొలొనోస్కోపీకి ఏర్పాటు లేకుండా సీసాలు పంచితే హెడ్మాస్టారి ఫైలు లాంటివి ఇంటింటా తయారవుతాయి.

మనం తప్పక డాక్టర్ దగ్గరికి పంపాల్సినవారు వేరే ఉన్నారు. మలంలో రక్తం పడేవారు, వారాల తరబడి విరేచనం తీరు మారినవారు, కారణం లేకుండా బరువు తగ్గేవారు, పెద్ద వయసులో రక్తహీనత వచ్చినవారు. వీళ్లు మల పరీక్షతో సరిపెట్టుకోకుండా నేరుగా డాక్టర్‌ను కలవాలి. తల్లిదండ్రులకో తోబుట్టువులకో ఈ క్యాన్సర్ వచ్చినవారు ఏ బాధా లేకపోయినా అడిగి తెలుసుకోవాలి. అలాంటివారు 40 ఏళ్లకు, లేదా ఇంట్లోవారికి జబ్బు బయటపడిన వయసుకు పదేళ్ల ముందు, ఏది ముందైతే అప్పుడు పరీక్ష మొదలుపెట్టాలని అమెరికా నిపుణుల సలహా. ఇంగ్లండ్, అమెరికాల్లో స్థిరపడిన మన పిల్లలకు ఈ పరీక్ష సులువుగా అందుతుంది. ఇంగ్లండ్‌లో 50 దాటినవారికి రెండేళ్లకోసారి సీసా పోస్టులో ఇంటికే వస్తుంది. అమెరికాలో 2021 నుంచి 45 ఏళ్లకే మొదలుపెట్టమంటున్నారు. ఈసారి వీడియో కాల్‌లో మాట్లాడేటప్పుడు, ఆ పని అయిందా అని అడగండి.

ఇక సంఘం పని. మన శిబిరాల్లో బీపీ చూస్తున్నాం, షుగర్ చూస్తున్నాం, కళ్లు చూస్తున్నాం. ఎంతమంది వచ్చారన్నది ఏటా ఈ సంచికలో అచ్చు వేస్తున్నాం. పెద్దాస్పత్రికి వెళ్లమని చెప్పినవారిలో ఎంతమంది వెళ్లారన్న లెక్క మాత్రం మన దగ్గర లేదు. అందులో మా తప్పూ ఉంది. ఎన్నో శిబిరాల్లో పేర్లు రాసింది మేమే, ఆ గడి గీయాలని మాకూ తోచలేదు.

అందుకే దాతలకు మా విన్నపం. మరో శిబిరానికి ఇచ్చే విరాళంలో కొంత భాగాన్ని శిబిరం తర్వాతి పనికి కేటాయించండి. డాక్టర్ పంపించమన్న ప్రతి పేదవారికి, ఇద్దరి బస్సు ఛార్జీలు, ఇద్దరికి పోయిన కూలి, మందునీళ్ల పొడి, పరీక్ష ఖర్చు ఇచ్చేలా ఒక చిన్న నిధి ఉండాలి. ప్రతి మొహల్లా నుంచి ఒక పురుషుడు, ఒక స్త్రీ తోడు వెళ్లడానికి సిద్ధంగా ఉండాలి. ఏం తినాలి, ఏం తాగాలి, ఏ మందులు ఆపాలో డాక్టర్‌ను అడిగి తెలుగులో, ఉర్దూలో ఒక పేజీ రాసిపెట్టాలి. ఆ రాత్రికి వేరే మరుగుదొడ్డి ఉన్న ఒక గది సంఘం భవనంలో ఇవ్వగలిగితే అంతకన్నా మేలు లేదు.

హైదరాబాద్‌లో 1955లో నెలకొల్పిన ప్రభుత్వ క్యాన్సర్ ఆస్పత్రికి మెహదీ నవాజ్ జంగ్ గారి పేరు ఉంది. ఎందరో పేదలకు అదే దిక్కు. అంత పెద్ద ఆస్పత్రి మనం కట్టలేం. దాని గుమ్మందాకా ఒక మనిషి వెంట నడవగలం.

రిటైరైన ఉపాధ్యాయులం కొందరం, త్వరలో రిటైరయ్యేవాళ్లం కొందరం ఈ పనికి పేర్లు ఇచ్చాం. ఈ ఏడాది శిబిరంలో రిజిస్టరుకు మరో గడి గీస్తాం: 'వెళ్లమన్నారు, వెళ్లారా, వెళ్లకపోతే ఎందుకు?' ఆ గడిలో ఎన్ని ఖాళీలు మిగిలాయో, ఏ కారణంతో మిగిలాయో వచ్చే సంచికలో మీకు లెక్క చెబుతాం.